ఫొటోలో లేని పగులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక నవంబరులో, నన్ను సమాయిల్ అనే ఊళ్లో పనికి వేశారు. అప్పట్లో నేను అరబ్బు దేశంలో, అల్ ఖువైర్‌లోని ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. సమాయిల్ ఖర్జూర తోటల్లో ఉన్న ఒక పాత మట్టి ఇంటిని అతిథి గృహంగా మారుస్తున్నారు. మరమ్మతు మొదలయ్యేలోపు ప్రతి గది పైకప్పునూ ఫొటోలు తీసి ఇవ్వాలి. ఏ దూలం కింద ఆసరా పెట్టాలో ప్రాజెక్ట్ ఇంజనీరు హమూద్ వాటిని చూసే నిర్ణయిస్తాడు.

అలాంటి గదుల్లో కిటికీ దగ్గర కళ్లు చెదిరే ఎండ, మూలల్లో చీకటి. ఒక్క ఫొటోలో రెండూ పట్టవు. అందుకని కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, వెలుతురు తగ్గిస్తూ పెంచుతూ ఐదు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకటిగా కలుపుతాం. దీన్నే హెచ్‌డీఆర్ అంటారు. కలపడానికి నాకు రెండు పద్ధతులున్నాయి. కలపక ముందున్న ఆ ఐదు మూల ఫొటోలను పక్కన పెట్టుకుని చేత్తో సరిచేసుకుంటూ పోతే గదికి గంట పైనే పడుతుంది. కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఫోల్డరంతా అప్పగిస్తే, అదే కలుపుతుంది, కదిలిన వస్తువుల జాడలు తీసేస్తుంది, చీకటి భాగాల్లో చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకును నున్నగా చేస్తుంది. గడువు దగ్గరపడింది. సాఫ్ట్‌వేర్‌కే అప్పగించాను. ఫొటోలు చక్కగా వచ్చాయి. హమూద్ మెచ్చుకున్నాడు కూడా.

మూడు వారాల తర్వాత, ఆసరా పెట్టని ఒక దూలం విరిగి మేస్త్రీ రాజన్న భుజం మీద పడింది. రాజన్నది జగిత్యాల వైపు. అతను సుత్తితో కొట్టడం వల్లే దూలం విరిగిందని సేఫ్టీ ఆఫీసర్ మొదటి నివేదిక రాశాడు. అదే ఖాయమైతే అతన్ని ఇంటికి పంపేస్తారు. తెలుగు వచ్చినవాణ్ణని, అతని వాంగ్మూలం రాసుకు రమ్మని నన్ను ఆసుపత్రికి పంపారు.

“నేను సుత్తె ముట్టనే లేదు సార్,” అన్నాడు రాజన్న. “గోడకు మట్టి వెడుతున్న. దూలానికి సన్నగ పగులుండె. రెండు దినాల ముందే ఫోర్‌మన్‌కు చెప్పిన. ఆయన ఫొటో చూపిచ్చి, దీంట్ల ఏడున్నది అన్నడు.”

“నువ్వేమన్నావు?”

“ఫొటోల లేకపాయె. నేనేమంట సార్? నా కండ్లే మసకైనయేమో అనుకున్న.”

ఆ ఫొటో ఎవరు తీశారో అతనికి తెలియదు. ఆ రోజు నేను చెప్పలేదు.

ఆఫీసుకు వచ్చి ఆ గదికి తీసిన ఐదు మూల ఫొటోలూ తెరిచాను. ఐదింటిలో బాగా వెలుతురున్నదాంట్లో మూరెడు పొడవున పగులు స్పష్టంగా ఉంది. దూలం ముందు వేలాడుతున్న కరెంటు తీగ గాలికి ఊగింది. ఆ కదలికను తీసేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కడ మిగతావి వదిలేసి ఒక్క ఫొటోనే వాడుకుంది. అందులో ఆ చోటు చీకటి. ఆ చీకటిని నున్నగా చేసినప్పుడు పగులు కూడా పోయింది.

మూల ఫొటోలు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు. చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. తర్వాత వాటిని హమూద్ ముందు పెట్టాను.

“తప్పు మెషీన్‌దా, నీదా?” అని అడిగాడు.

“మెషీన్‌ను ఎంచుకున్నది నేను. కలిపాక మూల ఫొటోలతో పోల్చి చూడనిదీ నేనే,” అన్నాను.

హమూద్ ఆ ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. “ఫొటో చూసి, తల ఎత్తి దూలం చూడనిది నేను,” అన్నాడు. రెండు తప్పులూ నివేదికలో రాశాడు.

రాజన్న మీద ఆరోపణ తీసేశారు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. రాజన్న చెయ్యి మాత్రం భుజం పైకి లేవలేదు. తాపీ పని పోయి, స్టోర్‌లో డ్యూటీ ఇచ్చారు. అక్కడికి వెళ్లి, ఆ ఫొటో నాదేనని చెప్పాను. “అట్లనా సార్,” అని సామాన్లు సర్దుకోవడంలో పడ్డాడు. ఆ తర్వాత నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు.

అప్పటినుంచి కదలికలు తీసేసే ఏర్పాటును ఆపేసి, చేత్తోనే కలిపాను. కలిపిన ప్రతి ఫొటోతో పాటు మూల ఫొటోలూ పంపాను. ఏమేం మార్చానో కింద రాశాను. గదిలో పనిచేసే మనిషి ఒకటి చెప్పి, ఫొటో మరొకటి చూపిస్తే, ముందు వెళ్లి ఆ గది చూడాలి. ఈ మాట నా తర్వాత వచ్చినవాళ్లకు పని అప్పగించేటప్పుడు కాగితం మీద రాసి ఇచ్చాను.