పెద్ద డ్రమ్ము తొడుగు

మొన్నామధ్య ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా గుడి కుర్రాళ్లు సామాన్ల గది దులిపి, మట్టిరంగు మూట ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. వచ్చే నెల గుడి పండక్కి, మూలపడ్డ పాత పెద్ద డ్రమ్ముకి కొత్త తోలు వేయించి ఊరేగింపులో ముందు నడిపించాలని వాళ్ల ముచ్చట. ఇప్పటి డ్రమ్ములు జిప్పు సంచుల్లో, వ్యానులో కూర్చుని వెళతాయి కాబట్టి వాళ్లకి పాతవంటే ముద్దు. "తాతా, దీని తొడుగు నువ్వే కుట్టినావంట గదా, మళ్లీ బాగుసేత్తావేటి?" అన్నారు. డ్రమ్ము ఎవరు మోస్తారని అడిగాను. "మీ బావే. అడిగీసినాం, వొప్పుకున్నాడు" అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని ఒక్కొక్కడి ముఖమూ చూశాను. ఒక్కడూ నవ్వలేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

అనుమానం నాకు వృత్తితో వచ్చింది. నేను దర్జీని. టేపు నడుముకి చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే మనుషుల మధ్య నలభై ఏళ్లు బతికాను. ఎదుటివాడు చూపించేది ఒకటి, అసలు కొలత ఇంకొకటి అనుకోకపోతే ఏ చొక్కా బొత్తామూ పడదు. ఆ బుద్ధిని కొట్లోనే వదిలి తలుపేసుకుని ఉంటే బాగుండేది. ఇంటికీ, గుడికీ, బ్యాండుకీ వెంట తీసుకుపోయాను.

మా ఊరు టెక్కలికి దగ్గర. అప్పట్లో మా గుడికి ఒక బ్యాండు సెట్టు ఉండేది. రెండు బూరలు, తాళాలు, మూడు సైడు డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము. క్రిస్మస్‌కి ఊరేగింపులు, వేసవిలో పెళ్లిళ్లు. సముద్రం వార పల్లెల్లో చేపల వేట చేసే వాళ్ల పెళ్లిళ్లకి కూడా మమ్మల్నే పిలిచేవారు. వాయించడం తేలిక, మోయడమే పని. సంతబొమ్మాళి వైపు వెళ్లే బస్సు టాపు మీదికి సామానంతా తాళ్లతో లాగాలి. కండక్టరు పెద్ద డ్రమ్ముని చూసి, టిక్కెట్టు లేకుండా ఎక్కిన మనిషిని చూసినట్టు మొహం పెట్టేవాడు. బస్సు దిగాక కొబ్బరితోటల్లోంచి, సరుగుడు తోటల్లోంచి ఇసుకలో నడక. అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడేది. తోట దాటగానే గాలి మొదలు. పెద్ద డ్రమ్ము ఆ గాలికి తెరచాప అయిపోయేది, దాన్ని ఎత్తుకున్నవాడు ఎండ్రకాయలా పక్కకి నడవాల్సిందే.

ఆ ఎత్తుకున్నవాడు మా బావ, అక్క మొగుడు. అతను డ్రమ్ముని వీపున వేసుకునేవాడు కాదు. భుజం మీద నిలబెట్టి, చెంపా చెవీ తోలుకి ఆనించి నడిచేవాడు. సముద్రపు చెమ్మకి తోలు ఎప్పుడు వదులవుతోందో చెవికి తెలుస్తుందట. పల్లె చేరేలోపే "ఈపాలి రెండు సుట్లు కాయాలి" అని తేల్చేసేవాడు, గడ్డిమంట వేసి తోలు కాచేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాయింపులు అయిపోయాక డ్రమ్ము వాళ్లింట్లోనే, మంచం పక్కనే ఉండేది. మా అక్క దాన్ని సవతి అనేది.

అంతవరకు డ్రమ్ముకి పాత దుప్పటి చుట్టేవాళ్లం. నేను టెక్కలిలో కొట్టు పెట్టిన ఏడాది దానికి ఒక తొడుగు కుట్టాను. పైన మందపాటి ఖాకీ గుడ్డ, లోపల రెండు పొరల గోనె అస్తరు, నోటి దగ్గర లాగి కట్టే తాడు. కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీ పక్కన పడేసిన గోనెలు ఏరి తెచ్చి, ఒకసారి ఉతికి, ఆరబెట్టి వాడాను. ఆ ఆదివారం గుడిలో అందరినీ దాన్ని ముట్టుకోనిచ్చాను. బ్యాండు పెద్ద మా పెదనాన్న. ఆయన కుట్టు చూసి, మా ఇంట్లో పెళ్లి బట్టలన్నీ ఇక నీకే అన్నాడు. కొత్త కొట్టుకి అంతకంటే ఏం కావాలి?

ఆ వేసవిలో రెండు పెళ్లిళ్లు అయ్యాక బావ మీద నాకు అనుమానం మొదలైంది. ముందుగా అతని చెంప మీదా చెవి మీదా బొబ్బలు చూశాను. చుట్టూ నల్లటి మరకలు. అది జీడి, పిక్క తొక్కలోంచి కారి ఒళ్లు కాల్చే నూనె, అని నాకు వెంటనే తెలిసిపోయింది, ఎందుకంటే మా ఆవిడ పెళ్లికి ముందు కాశీబుగ్గలో పిక్కలు కొట్టేది, ఆ మరక ఆవిడ వేళ్ల మీద ఏళ్ల తరబడి ఉంది. కాశీబుగ్గలో మాకు పోటీగా ఇంకో బ్యాండు ఉండేది, దాని యజమానికి సొంత పిక్కల బట్టీ. రెండూ కలిపి కుట్టేశాను. బావ రహస్యంగా అక్కడికి పోతున్నాడు, మా డ్రమ్ము మోసుకుపోయి వాళ్లకి వాయిస్తున్నాడు. తర్వాత చూసిందల్లా ఆ కుట్టుకి సరిపోయింది. తోటలోకి రాగానే అతను అందరికంటే వెనకబడేవాడు. ఒకసారి చెట్టు చాటున ఆగి చూస్తే, తొడుగు తీసేసి మడిచి నెత్తిన పెట్టుకుని, ఎండలో ఉత్త డ్రమ్ముని మోస్తున్నాడు. నేను కుట్టిన తొడుగుని! ఇంకోసారి వాళ్లింటికి వెళితే డ్రమ్ము తోలు మీద బూడిద. మేం వాయించని వారంలో దాన్ని ఎవరి మంట దగ్గర కాచినట్టు? అడిగితే, "తుడిసేను బామ్మర్దీ" అన్నాడు. బూడిదతో తుడవడమేమిటి? అక్కకి చెప్పబోతే "నీ అనుమానం నీకు కూడెడతాదేట్రా?" అని తిట్టింది. ఆవిడ కూడా కలిసిపోయిందనుకున్నాను.

చివరి పెళ్లి సముద్రం ఒడ్డున పల్లెలో. సాయంత్రం పూట, పెళ్లికొడుకుని తీసుకురావాలి, జనం నిలబడి ఉన్నారు. బావ గడ్డిమంట దగ్గర తోలు కాస్తున్నాడు. తోలు మీంచి నల్లగా పొగ లేచింది, ఘాటుకి కళ్లు మండాయి, ఆ వెంటనే నిలువునా చీలిపోయింది. పెద్ద డ్రమ్ము లేని బ్యాండు, పెళ్లివారి ముఖాలు, మా పెదనాన్న కోపం. నేను ముందుకొచ్చి, ఇన్నాళ్లూ పోగేసిందంతా నలుగురిలో కక్కేశాను. బొబ్బలు, బూడిద, విప్పిన తొడుగు, కాశీబుగ్గ. బావ నావైపు చూశాడు. "తోలు పాతదైపోనాది, మరేటి లేదు" అన్నాడు. అంతే. ఆ మాట కూడా నాకు ఒప్పుకోలులాగే వినిపించింది.

మర్నాడు పెదనాన్న అతన్ని బ్యాండులోంచి తీసేశాడు. కొత్త తోలు వెయ్యలేదు, తేలికపాటి డ్రమ్ము ఇంకొకటి కొన్నారు. పాతది తొడుగుతో సహా సామాన్ల గదిలోకి పోయింది. బావ తర్వాత కొబ్బరి దింపుల పనికి పోయాడు. మా బ్యాండు వీధిలోకి వస్తుంటే ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. పండగలకీ పబ్బాలకీ మాట్లాడుకుంటూనే ఉన్నాం, కానీ నేను అతన్ని ఎప్పుడూ టేపు పట్టుకునే చూశాను. ముప్పై తొమ్మిదేళ్లు.

మొన్న కుర్రాళ్లు ఇచ్చిన తొడుగు తెచ్చి, బాగుచేద్దామని బ్లేడుతో అస్తరు కుట్లు విప్పాను. ఖాకీ గుడ్డ పైకి బాగానే ఉంది. లోపలి గోనె పొరల మధ్య తారులా గట్టిపడిన నల్లటి అట్ట. తోలు ఆనుకునే చోట గుండ్రంగా, ఎవరో గీసినట్టు మరక. మా ఆవిడ వచ్చి చూసి, "ఇవి పిక్కలవి కావు, తొక్కల గోనెలు. ఈటి నిండా జీడుంతాది, ఎండకి కారతాది. ఒక్క ఉతుక్కి పోతాదేటి?" అంది. బొబ్బలు పెట్టింది నా తొడుగు. తోలుని తినేసింది నా తొడుగు.

సాయంత్రం ఆ గోనె పట్టుకుని బావ దగ్గరికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని కొబ్బరి పీచు తీస్తున్నాడు. గోనె ముందు పెట్టాను. చూసి, మళ్లీ పీచు తీసుకున్నాడు.

"నాకు రెండో పెళ్లి వాయింపుకే తెలిసిపోనాది" అన్నాడు. "బూడిదేసి తోమితే దిగుతాదేమో అనుకున్నాను. దిగలేదు."

"మరి ఆ రోజు ఎందుకు సెప్పలేదు బావా?"

"నువ్వు అప్పుడే కొట్టెట్టినావు. నీ కుట్టు తగిల్తే బొబ్బలెక్కుతాయంటే పెళ్లిబట్టలు ఎవులిత్తారు నీకు? మొయ్యడానికి నాకేదో ఒకటి దొరుకుతాది గదా అనుకున్నాను." తీసిన పీచు పక్కన పడేసి, "డ్రమ్ము దొరకలేదు" అన్నాడు.

ఆదివారం గుడిలో లేచి నిజం చెప్పేస్తానన్నాను. వద్దులే అంటాడేమోనని ఒక మూల ఆశ ఉంది, దాచడమెందుకు. "సెప్పు" అన్నాడు. లోపల్నించి అక్క, "సెప్పకపోతే నానే సెప్తాను" అంది.

చెప్పాను. పెదనాన్న వినడానికి లేడు, ఆ పెళ్లి చూసినవాళ్లు ముగ్గురే మిగిలారు. తర్వాత కొత్త ఖాకీ తాను కొని, అస్తరుకి కూడా కొత్త నూలు గుడ్డే వేసి తొడుగు కుట్టి తీసుకెళ్లాను. బావ పైకుట్టు చూడలేదు. తొడుగుని లోపలికి తిరగేసి, అస్తరుకి చెంప ఆనించి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు, మండుతుందేమోనని. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముప్పై తొమ్మిదేళ్లు నేను అతన్ని అనుమానించాను, అతను నన్ను అనుమానించింది ఆ ఒక్క నిమిషం, రెండింటిలో పొడుగైనది ఆ నిమిషమే.