డబ్బా పిడికి కట్టిన పోగు

మగ్గాల పనికి తెలుగువాళ్ళు వలస వెళ్ళిన అమ్రోలిలో దశరథాన్ని అందరూ ఫౌజీ కాకా అంటారు. డెబ్బై ఏళ్ళ మనిషి. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి గానీ మొండితనం పిసరంతైనా తగ్గలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో అవతలివాళ్ళ చేతికి చిక్కి ఏడాది బందీగా ఉన్నాడు. ఆ సంగతి ఎవరడిగినా "చలి బాగుండె" అని ఊరుకుంటాడు.

చెప్పనిది ఒకటుంది. ఆ క్యాంపులో ఆయనకు తోడు సిరిసిల్ల నర్సింగం. ఇద్దరూ నేతపని చేసే సాలోళ్ళ పిల్లలే. నర్సింగానికి జ్వరం ముదిరితే వేరే చోటికి తీసుకుపోయారు. పోయేముందు దశరథం వాడి గుప్పిట్లో కంబళి పోగులు పెట్టాడు.

"మగ్గం మీద తెగిన పోగు ఎట్ల కలుపుతమో గట్ల ముడేసి పంపు. నువ్వు బతికున్నవని నమ్ముత."

మూడోరోజు రొట్టెలు తెచ్చే ముసలాయన పోగు తెచ్చాడు. దానికి ముడి ఉంది, సాలోడు వేసే ముడి కాదు. జాలిపడి ఆ ముసలాయనే వేసుంటాడు. దశరథానికి చూడగానే తెలిసింది. తెలిసీ తోటివాళ్ళతో "మనోడు బాగున్నడు" అన్నాడు. విడుదలైన రోజు వరుసలో నర్సింగం లేడు.

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో ఆయన భార్య గంగవ్వకు ఊపిరాడలేదు. కరోనా వార్డులోకి ఎవరినీ రానివ్వరు. గేటు దగ్గర అన్నం డబ్బా ఇస్తే సాయంత్రానికి ఖాళీది తిరిగొస్తుంది. "బాగుంది" అని ఎవరో చెబితే దశరథం నమ్మడు. ఆ మాట ఎంత తేలిగ్గా అనొచ్చో ఆయనకు తెలుసు. అందుకే అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆమె చేతిలోనూ పోగులు పెట్టి, రోజూ ఒకటి ముడేసి డబ్బాతో పంపమన్నాడు.

"నాకు పానం పోతుంటే నీకు పోగులా?" అని తిట్టింది గంగవ్వ.

తిట్టినా రెండు రోజులు డబ్బా పిడికి పోగు కట్టి పంపింది. అచ్చం సాలోళ్ళ ముడి, నలభై ఏళ్ళు మగ్గాల దగ్గర పనిచేసిన చెయ్యి.

మూడోరోజు పోగు వచ్చింది. ముడి ఆమెది కాదు.

దశరథం వెళ్ళి గేటు పట్టుకుని ఊపాడు. కాపలావాడు నెట్టేసినా కదల్లేదు. శవాన్నయినా చూపించమని హిందీలో అరిచాడు. ఆ గోల విని ఒక నర్సు బయటికొచ్చి, లోపలున్న ఇంకో నర్సుకు వీడియో కాల్ చేసింది.

తెర మీద గంగవ్వ. చెయ్యి వాచి, సూదులు, టేపులు. మాస్కు జర పక్కకు జరిపింది.

"వేళ్ళు వంగుతలేవు. సిస్టర్‌తోని కట్టిపిచ్చిన. నువ్వు గేటుకాడ లొల్లి చేస్తవని నాకెర్క లేదా?"

దశరథం గేటు పట్టుకునే కూలబడ్డాడు. ఎంత సంతోషమో అంత ఏడుపు.

"నర్సింగం సచ్చిపోయిండే, గంగా."

"నర్సింగమెవలు?"

యాభై ఏళ్ళలో ఆమెకు కూడా చెప్పలేదు.

"నా దోస్తు. అందరికీ బాగున్నడని చెప్పిన. ముడి సూసినప్పుడే నాకు తెల్సు."