కప్పడం అనే వైద్యం

రాజమండ్రి ఆసుపత్రిలో మా నాన్నను చూసిన ఆ పెద్ద డాక్టరంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. ఏ వైద్యం పేరెత్తినా, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పందే ఆయన కదిలేవాడు కాదు. చెప్పేముందు కళ్ళజోడు తీసి కోటు అంచుతో తీరిగ్గా తుడుచుకునేవాడు.

నాన్న క్యాన్సర్ ఇక తగ్గదని తేలిన ఉదయం కూడా అలాగే తుడుచుకున్నాడు.

"ఇక పాలియేటివ్ కేరేనండి. లాటిన్‌లో పల్లియం అంటే ఒంటిమీద కప్పుకునే వస్త్రం. జబ్బును నయం చెయ్యలేం, బాధను కప్పుతాం. ఎంత చక్కని మాటో చూడండి!" అన్నాడు మురిసిపోతూ.

మంచం మీద నాన్న ఏసీ చలికి వణికిపోతున్నాడు.

"డాక్టరుగారండీ, పొద్దుట్నుంచీ నొప్పికి మూలుగుతున్నారండి. ముందు ఒక దుప్పటైనా ఇప్పించండి" అంది అమ్మ.

"అవన్నీ సిస్టర్ చూసుకుంటుందమ్మా" అని, పాలియేటివ్ అన్న మాట ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందో కూడా చెప్పి మరీ వెళ్ళిపోయాడు. నాన్న చెయ్యి పట్టుకోలేదు, ముఖమైనా చూడలేదు.

తర్వాత సిస్టర్ వచ్చి, దుప్పటి కప్పి, నొప్పికి ఇంజక్షన్ చేసింది. అమ్మ ఆమెను మెల్లగా అడిగింది.

"ఆ మాస్టారు చెప్పింది విన్నామమ్మా. డాక్టరుగారు ఎప్పుడొస్తారు?"