కొట్నం పాట మీద వేసిన పాట

నా బిడ్డ పెళ్లి వీడియో అందరికీ నచ్చింది. మహబూబాబాద్‌లో దాని అత్తగారింటికి ఎవరు వచ్చినా ముందు టీవీ పెట్టి అదే చూపిస్తున్నారట. పిల్ల సంతోషంగా ఉంది. అందుకు దేవుడికి రోజూ దండం పెడుతున్నాను. ఆ వీడియో తీసినవాడికి మాత్రం దండం పెట్టలేకపోతున్నాను.

ముహూర్తం పెట్టుకున్న నెలలోనే మా అమ్మ గొంతులో గడ్డ ఉందని దవాఖానలో చెప్పారు. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం పోతుందన్నారు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పెండ్లి కానియ్యి బిడ్డా. మనుమరాలి కొట్నం పాట పాడినంక గొంతు కోసుకపోనియ్యి," అంది.

కొట్నమంటే పెళ్లికి ముందు రోలుకీ రోకళ్లకీ పసుపు రాసి, ముత్తైదువలు పసుపుకొమ్ములు దంచడం. దంచుతున్నంతసేపూ ఒకరు పాడాలి, తక్కినవాళ్లు అందుకోవాలి. దంతాలపల్లి దగ్గర మా పుట్టినూళ్లో ఎవరింట పెళ్లయినా పాట ఎత్తుకునేది మా అమ్మే. ఆ ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే పాటలో కలుపుతూ, పోయినవాళ్లను కూడా పెళ్లికి పిలుస్తుంది. అందుకే ఏ ఇంటి పాట ఆ ఇంటిదే.

నేను బడికి పోలేదు. అక్షరాలు, వంట, పూజ, అన్నీ ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఆ పాట ఒక్కటే అమ్మ నేర్పలేదు. ఎప్పుడడిగినా, "రోలు లేకుండ, పెండ్లి లేకుండ ఆ పాట నోట్లెకు రావద్దు. ఇంటికి మంచిది కాదు," అనేది. అందరితో కలిసి అందుకునే పల్లవి తప్ప నాకేమీ రాదు.

కాబట్టి వీడియో తీసే మనిషిని వెతికేటప్పుడు నాకు ఒకటే కోరిక. జనగామలో మా ఇంటికి దగ్గరలోనే ఒక స్టూడియో ఉంది. భూపాలపల్లి నుంచి వచ్చిన తమ్ముడిని వెంటబెట్టుకుని ముందు అక్కడికే వెళ్లాను.

"అన్నా, మా అమ్మ కొట్నం పాట పాడుతది. ఆ గొంతు అట్లనే ఉంచాలె. మీదికెళ్లి సినిమా పాట వెయ్యొద్దు," అన్నాను.

ఆయన కంప్యూటర్ మీది నుంచి తల కూడా ఎత్తలేదు. "గది నాతోని కాదక్కా. మొత్తం పాటల మీదనే కట్ చేస్తం. లోపటి ఆవాజు లొల్లి లొల్లి ఉంటది, ఎవ్వరు వినరు."

బయటికి రాగానే తమ్ముడు మండిపడ్డాడు. "ఏం పొగరే అక్కా వానికి! పైసలిస్తమన్నా కాదంటడా? మా భూపాలపల్లిల ఒకాయన ఉన్నడు. డ్రోన్ ఎగరేసి తీస్తడు. బాయిల మా దోస్తులందరి పెండ్లిళ్లు ఆయనే తీసిండు."

తమ్ముడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మరుసటి వారం నేనూ నా బిడ్డా బస్సులో వాళ్ల క్వార్టర్‌కు పోయి, అక్కడినుంచి ఆ మనిషి ఆఫీసుకు వెళ్లాం. పెద్ద తెర మీద ఎవరో పెళ్లికూతురు పొగమంచులో నెమ్మదిగా నడిచి వస్తోంది. నా బిడ్డ రెప్ప వేయలేదు. ఆ మనిషి చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు.

"అయ్యో, గదెంత పనమ్మా? మీ అమ్మంటె మా అమ్మ కాదా? భుజానికి మైకు వెట్టి మరీ తీస్త. దేవునిమీద ఒట్టు."

అతని వెనక గోడకు దేవుడి పటం ఉంది. దండ వాడలేదు, అగరుబత్తి ఇంకా వెలుగుతోంది. నేను ఆ పటాన్ని చూసి నమ్మాను. కాదన్నవాడు నిజం చెప్పాడు, వాడికి పొగరన్నాం. సరేనన్నవాడికి అక్కడే బయానా ఇచ్చాం.

కొట్నం రోజు మా వాకిట్లో లైట్లు నిలబెట్టాడు. చెప్పినట్టే అమ్మ భుజానికి మైకు పెట్టి, "జూస్తివా అమ్మా?" అని నా వైపు నవ్వాడు. తరువాత అందరినీ ఉద్దేశించి, "ఫోన్లు తియ్యకుర్రి. అందరి చేతులల్ల ఫోన్లుంటె వీడియో ఖరాబైతది. నా కెమెరా ఉన్నది గద!" అన్నాడు. తమ్ముడు సంచీ పట్టుకుని, "ఇటియ్యుర్రి ఇటియ్యుర్రి, దంచుడైనంక ఇస్త," అని ఆడవాళ్లను నవ్విస్తూ ఫోన్లన్నీ అందులో వేసుకున్నాడు.

నాయిన పోయాక అమ్మ రోకలి ముట్టదు. గోడ పక్కన పీట వేసుకుని కూర్చుని పాట ఎత్తుకుంది. దగ్గు వచ్చినప్పుడు గొంతు మీద చెయ్యి ఆనించుకుని ఆగేది, నీళ్లు తాగి మళ్లీ అందుకునేది. పోయిన మా మామగారి పేరు, అత్త పేరు చెప్పింది. ఆఖరికి నాయిన పేరు. పెనిమిటి పేరు బతుకంతా నోటితో అనని మనిషి, మనుమరాలి పెళ్లికి రమ్మని ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. నేను రోకలి దించి అమ్మ వైపు చూశాను.

"అమ్మా, ఆగకుర్రి! నవ్వుకుంట దంచుర్రి, మల్లోసారి!" అని అరిచాడు కెమెరా మనిషి.

పెళ్లయిన వారానికే అమ్మకు ఆపరేషన్ అయింది. వీడియో ఆ తరువాత ఎప్పటికో వచ్చింది. మండపం మీది నుంచి డ్రోన్ లేచింది, నా బిడ్డ పొగమంచులో నడిచింది. కొట్నం వచ్చింది. రోకళ్లు నెమ్మదిగా లేస్తున్నాయి, పసుపు ఎగురుతోంది. ఒక్క క్షణం అమ్మ కనబడింది. పెదవులు కదులుతున్నాయి. మీద సినిమా పాట, డప్పులు, ఈలలు.

ఫోన్ చేశాను.

"ఎడిటింగ్ నేను చెయ్యనమ్మా, హైదరాబాద్‌కు పంపుతం. వాళ్లకు చెప్పుడు యాది మర్సిన."

"పోనియ్యి బాబూ, తీసింది ఉంటది గద? అదే ఇయ్యి, నాకు గంతే చాలు."

"వీడియో అయినంక ఎవలుంచుతరమ్మా? కార్డులు ఖాళీ చేసి వేరే పెండ్లిళ్లకు వాడినం. అయినా పాట మస్తుగ వడ్డది గద!"

తమ్ముడితో చెప్పుకుంటే, "అమ్మ బతికింది గదనే, దానికి దండం వెట్టు," అన్నాడు. పెడుతూనే ఉన్నాను. పెట్టిన ప్రతిసారీ ఆ అగరుబత్తి గుర్తుకొస్తోంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. గొంతు దగ్గర రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మనుమరాలి పెళ్లి చూస్తానని సైగ చేస్తే ఒక మధ్యాహ్నం టీవీ పెట్టాను. కొట్నం వచ్చేసరికి అమ్మ ముందుకు వంగింది. తన పెదవులు చూసుకుంది. పాట విని, అర్థం కానట్టు నా వైపు తిరిగింది.

నేను టీవీ గొంతు తీసేసి, అక్కడికే వెనక్కి తిప్పాను. చప్పుడు లేకుండా రోకళ్లు లేచి పడుతున్నాయి. వాటికి సరిగ్గా అమ్మ మంచంపట్టె మీద అరచేత్తో దరువు వేసింది. నాకు ఆగలేదు. నాకు వచ్చిన ఆ పల్లవి ఎత్తుకున్నాను.

సగం అనకముందే అమ్మ అరచెయ్యి నా నోటికి అడ్డం పడింది. వాకిలి వైపు చూపించి, తల అడ్డంగా ఊపింది. అక్కడ రోలు లేదు.