పాల్మీరా పిండిన బనీన్లు

ఎల్వియో గిదీని పేరు మీరు విని ఉండరు. ఛాంపియన్ల గురించి రాసేవాళ్లు ఇటలీలోని మా బ్రెషా జిల్లాలో వీధికొకరున్నారు. నూటయాభై గ్రాముల దగ్గర ఆగిపోయినవాడి గురించి ఎవరూ రాయరు. వాడి బండికి మెకానిక్కుని నేనే, తప్పులో సగం వాటా కూడా నాదే. అందుకే రాస్తున్నాను.

వాడు ఏడేళ్లప్పుడు మొదటిసారి కార్టు, అంటే పిల్లలు నడిపే చిన్న పందెం బండి, ఎక్కాడు. అమ్మానాన్నలిద్దరూ కార్ఖానాలో షిఫ్టులు చేసేవాళ్లు కాబట్టి పెంపకమంతా అమ్మమ్మ పాల్మీరాది. పందేల్లో బండీ, నడిపేవాడూ కలిపి ఇంత బరువుకి తగ్గకూడదని నియమం. వీడేమో పిట్టంత ఉండేవాడు. సీటుకి సీసం పలకలు బిగించాను. అది చూసి పాల్మీరాకి ఒళ్లు మండింది.

"ఏమయ్యా ఇవానో, నా మనవడికి నేను తిండి పెట్టట్లేదని ఊరంతా చాటుతున్నావా?"

"నియమం పెద్దమ్మా. బరువు చాలకపోతే గెలిచినా ఆ గెలుపు కొట్టేస్తారు."

"చూస్తూ ఉండు. ఆ సీసమంతా నీ చేతే ఊడదీయిస్తా."

అన్నంత పనీ చేసింది. పొలెంతా అనే మొక్కజొన్న సంకటి, సాసేజిలు, మళ్లీ పొలెంతా. వాడు కిలో పెరిగినప్పుడల్లా నేనొక పలక విప్పేవాణ్ణి. చిన్నపిల్లల తరగతిలో రెండు కప్పులు, జూనియర్లలో మూడు కప్పులు గెలిచాడు. పాల్మీరా బీరువాలో కప్పుల పక్కనే సీసం పలకలూ పేర్చింది. వచ్చినవాళ్లకి ముందు పలకలు చూపించి, ఓపికుంటే తర్వాత కప్పులు చూపించేది.

ఆవిడకి లోకంలో ఒకటే శత్రువు, చల్లగాలి. మెడకి గాలి తగిలితే మనిషి సగం పోయినట్టేనని మా ఊళ్లో ముసలివాళ్లందరూ నమ్ముతారు. నేనూ కొంత నమ్ముతాను.

పద్దెనిమిదో ఏట వాడు చిన్న ఫార్ములా బండికి ఎదిగాడు. ఒక్క మనిషి పట్టే పొడుగు బండి అది. అందులో సీటు కొనేది కాదు, పోత పోసేది. వీపు వెనక సంచీలో పొంగే నురుగు పోస్తారు. అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చోవాలి. జనవరిలో, గడ్డకట్టిన షెడ్డులో ఆ పని పెట్టుకున్నాం. పల్చటి పందెం దుస్తుల్లో మనవణ్ణి చూసి పాల్మీరా గుండెలు బాదుకుంది.

"ఈ చలిలో అరగంట కదలకుండా కూర్చోబెడతావా? బుద్ధుందా నీకు?"

తను అల్లిన మందపాటి ఉన్ని బనీన్లు రెండు లోపల తొడిగించింది. ఆవిడతో వాదించే ఓపిక లేక నేను ఊరుకున్నాను. నురుగు గట్టిపడింది. అది ఎల్వియోకీ రెండు బనీన్లకీ కలిపి తయారైన సీటు! బనీన్లు లేకపోతే అందులో వాడు డబ్బాలో గోళీలా దొర్లేవాడు. ఇంకో సీటు పొయ్యడానికి జట్టు యజమాని ససేమిరా అన్నాడు. దాంతో ఆ సీటు ఉన్నన్నాళ్లూ ఉన్ని తప్పలేదు.

"ఒరేయ్ ఎల్వియో, మీ ఊళ్లో మంచు పడుతోందా?" అని మిగతా కుర్రాళ్లు జూన్ నెల ఎండలో ఏడిపించేవాళ్లు.

"మా అమ్మమ్మ అక్కడే ఉంది, వెళ్లి అడగండి," అనేవాడు. ఎవరూ వెళ్లేవాళ్లు కాదు.

మరుసటేడు జులైలో ఆ ఏటి పోటీల్లో ఆఖరి పందెం. మొత్తం పాయింట్లలో మూడో స్థానం తెస్తే పై తరగతి బండి వాడికే ఇస్తానని యజమాని మాటిచ్చాడు. తేకపోతే ఆ బండి ఇంకొకడికి, వీడు ఇంటికి. నేను అత్యాశకి పోయి, వేగం కోసం ఈ బండిలోనూ బరువు కోసం పెట్టిన చివరి సీసం ముక్క కూడా తీసేశాను. చెమట కారినా ఎక్కడికీ పోదు, ఉన్నిలోనే ఉంటుందని నా లెక్క.

ఎండ ముప్పైతొమ్మిది డిగ్రీలు. వాడు రెండోవాడిగా వచ్చాడు. పాయింట్లలో సరిగ్గా మూడో స్థానం! కాటా దగ్గర వరసలో నిలబడి తూలిపోతున్నాడు.

"చచ్చిపోతా ఇవానో మామా," అంటూ దుస్తులు నడుందాకా విప్పి, రెండు బనీన్లూ లాగి కంచె అవతలికి విసిరేశాడు.

తూనికల అధికారి బోనొమెల్లి ముల్లు చూసి తల అడ్డంగా ఊపాడు. కిలో పైగా తక్కువ.

"బండిలో ఒంటిమీద ఉన్నదంతా లెక్కే కదా సార్, బనీన్లు కూడా తూచండి!" అని అరిచాను. ఆయన పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చదివి, తెమ్మన్నాడు. కంచె దగ్గరికి పరిగెత్తాను. అవతల నిలబడ్డ పాల్మీరా కాళ్ల దగ్గర చిన్న మడుగు.

"పెద్దమ్మా! ఏం చేశారు?"

"ఏం చేస్తాను, పిండాను. తడి బనీను తొడిగి బిడ్డకి న్యుమోనియా తెప్పిస్తావా?"

బనీన్లతో కలిపి తూచారు. నూటయాభై గ్రాములు తక్కువ. ఆ మడుగు కూడా మాదేనని వాదించాను. బోనొమెల్లి నవ్వలేదు. మడుగుల గురించి నియమం ఉందేమోనని నిజంగానే వెతికాడు. ఇంకో ఇద్దరు అధికారులు వచ్చారు. స్పాంజితో ఎత్తి తూచవచ్చా అని చర్చ జరిగింది. అందరం వెళ్లి చూసేసరికి తారు మీద నీటిచుక్క లేదు. నలుగురం ఆ పొడినేల చుట్టూ చాలాసేపు నిలబడ్డాం.

బండి ఇంకొకడికి వెళ్లిపోయింది. ఎల్వియో పాలవ్యానులో పనికి కుదిరాడు.

"ఎందుకురా కొట్టేశారు?" అని అమ్మమ్మ అడిగితే, "వాళ్ల కాటా తప్పు అమ్మమ్మా," అన్నాడు. నా సీసం ముక్క సంగతి నేనూ ఎత్తలేదు. సిగ్గుగా ఉంది ఇప్పటికీ.

కానీ పాల్మీరా ఊరుకునే మనిషా? వంటింటి తక్కెడ చంకన పెట్టుకుని, మా ఇద్దర్నీ వెంటేసుకుని బోనొమెల్లి మీదికి వెళ్లింది. ముప్పైయేళ్లలో ఒక్క గ్రాము వదలని మనిషి ఆయన. ఆవిడ వెనక నిలబడ్డ ఎల్వియో ముఖం చూశాడు. వాడు చేతులు జోడించి ఉన్నాడు.

"అవునమ్మా," అన్నాడు బోనొమెల్లి. "మా కాటాయే తప్పు." కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు.

తిరిగొస్తుంటే వ్యానులో ఎల్వియో మొదటిసారి ఏడ్చాడు. పాల్మీరా ఆ కాగితంతోనే వాడికి విసురుతూ, "ఏడుస్తావేంట్రా పిచ్చి నాగన్నా? మనమే గెలిచాం కదా!" అంది.