బొటనవేలు పెట్టి అడిగిన మాట

కోయిలకుంట్ల దగ్గర మా పేట చర్చిలో నేను సంఘ పెద్దను. బడికి పోలేదు, బైబిలుతోనే అక్షరాలు నేర్చినవాణ్ణి. ప్రభుబల్ల రొట్టె, ద్రాక్షరసం వడ్డించే ముందు పెద్ద లేచి అడగాలి: "ఎవరి మీదైనా పగ ఉంటే పోయి సమాధానపడి రండి." ఒక ఆదివారం ఆ మాట సగంలోనే నా గొంతు బొంగురుపోయింది. జలుబనుకొని శొంఠి, మిరియాలు మింగుతా కూర్చున్నాను. తగ్గలేదు.

కర్నూలులో ఎండోస్కోపీ, బయాప్సీ చేశారు. డాక్టరమ్మ దాచలేదు. "క్యాన్సర్, పెద్దాయనా. లారింక్స్, అంటే మాట పుట్టే పెట్టె, మొత్తం తీసేయాల. మెడకు రంధ్రం పెడతాం, ఊపిరి దాన్నుంచే. లోపల వాల్వ్ పెడితే, రంధ్రం వేలితో మూసినప్పుడు మాట వస్తాది, మునుపటి మాదిరి రాదు."

నా భార్య ఏడ్చింది. నాకు కోపం వచ్చింది, మాట కావలసినప్పుడే పోతాందని. ఊర్లో రెండు పెద్దిండ్ల కక్ష అప్పుడే మళ్ళీ రాజుకుంటోంది. జీపులు వాళ్ళవి, కొడవలి పట్టి ఎక్కేది, రెండు పక్కలా, మా పేటవాళ్ళు. వెనకటి కక్ష తీరినాక ఆ ఇండ్లు వియ్యమందుకున్నాయి. మా శ్మశానంలో సిలువలు మాత్రం అట్లనే ఉన్నాయి.

ఆపరేషన్, రేడియేషన్ అయినాయి. మింగితే ముళ్ళు. వాల్వ్ లీకై, తాగిన నీళ్ళు ఊపిరిగొట్టంలోకి పోయి దగ్గి దగ్గి పడిపోతే మళ్ళీ మార్చారు. పెద్దింటి మనిషొకడు పరామర్శకని వచ్చి నవ్వినాడు. "ఏమప్పా, దేవుడే నీ నోరు మూయించినాడే." పాస్టరు కూడా, "ఇంక వేరేవాళ్ళు అడుగుతారులే, రెస్టు తీసుకో తాతా" అన్నాడు. అడిగే వేరేవాడు లేడని ఆయనకూ తెలుసు.

తెల్లారితే జీపులొస్తాయన్న ఆదివారం నేను లేచి రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. నా గొంతు వినపడాలని ఫ్యాన్లు ఆపించారు.

"రేపు జీపెక్కేవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రావద్దు."

నా చెల్లెలి కొడుకు ప్రసాదు లేచినాడు. "మామా, వాళ్ళ అన్నం తింటాండాము. పిలిస్తే పోకుండా ఎట్లుంటాము?"

"నువ్వు తింటాండేది నీ కూలి రా." వేలు తీసి ఊపిరి పీల్చుకొని మళ్ళీ పెట్టాను. "అవతలి జీపులో మన పేట దానియేలు ఉంటాడు. వాణ్ణి నరికొచ్చి వాని బిడ్డకు ఏం చెప్తావు?"

దానియేలు అదే చాప మీద తల వంచుకొని కూర్చున్నాడు. ఆ దినం ఇద్దరూ బల్ల తీసుకోలేదు. తెల్లారి జీపులొచ్చి శానాసేపు హారన్లు కొట్టినాయి. ఇద్దరి తలుపులూ తెరుచుకోలేదు.

ఆ ఇండ్లలో ఇద్దరికీ పని పోయింది. ఇప్పుడు కర్నూలులో ఒకే మేస్త్రీ కింద గోడలు కడుతున్నారు. పెద్దిండ్లవాళ్ళు నామీద పండ్లు కొరుకుతాండారు. కొరకనీ. ప్రతి బల్లకూ నేనే అడుగుతున్నాను.

గొంతు మూడు వారాలు బొంగురుగానే ఉంటే నా మాదిరి శొంఠి నమ్ముకోకండి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయినవాళ్ళు మన దుమ్ములో రంధ్రం మీద తడిగుడ్డ లేకుండా తిరగొద్దు. బొటనవేలు సబ్బుతో కడుక్కోండి. మాట్లాడాల్సింది ఇంకా ఉండాది.