ఎదిగే పిల్లకు తుపాకి

నిన్న మా అమ్మాయి సైకిలు గొలుసుకు నూనె వేస్తుంటే ఆ వాసనకి, కంప్యూటరు ఉద్యోగాల కోసం మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న ఆ రోజుల సింగపూరూ, బూన్ లేలో మా ఫ్లాటూ, పన్నెండేళ్ళ నేనూ, స్కూలు షూటింగ్ క్లబ్బులో నూనె రాసి గోడవారగా నిలబెట్టిన గాలి తుపాకులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

క్లబ్బులో ఒకసారి ఎంచుకున్న తుపాకే ఏడాదంతా. చివర పోటీలో నెగ్గితేనే జట్టులో చోటు. మాతోనే ఉండే మా అమ్మ వాళ్ళ నాన్న, సింగపూరు పక్కనున్న జొహోరులో రబ్బరు తోటలో గుమాస్తాగా ఉన్నప్పుడు దుప్పుల వేటకు తిరిగినవాడు. వానాకాలం సాయంత్రాల్లో కిటికీ పక్కన కూర్చుని, చేగోడీలు నములుతూ, తడి ఆకుల మీద దుప్పి అడుగుల చప్పుడు గురించి చెప్పేవాడు. చీపురుకర్ర నా మోచేతి మడతలో ఆనించి తుపాకి ఎంచడం నేర్పింది కూడా ఆ తాతయ్యే.

“వెనక కొస ఇక్కడ ఆనాల, వేలు ట్రిగ్గరుకి సుళువుగా అందాల. అందలేదా, అది నీ తుపాకి కాదు తల్లీ.”

నాన్న గుంటూరు నుంచి ప్రోగ్రామరుగా వచ్చినవాడు, నా బూట్లలో దూది కుక్కి, యూనిఫారం అంచు నాలుగు వేళ్ళు మడిచి కుట్టించినవాడు.

“ఎదిగే పిల్లవి, పెద్దదే తీసుకో. చిన్నదైతే వచ్చే ఏడాదికి పనికిరాదు” అన్నాడు.

ఆయన మాట కాదనలేక పెద్దదే తీసుకున్నాను. తాతయ్యతో మాత్రం చిన్నదేనని అబద్ధమాడాను. ఆయనేమో బ్లాకు కింద చైనీస్ చదరంగం ఆడే ముసలివాళ్ళందరికీ, నా మనవరాలు అసలైన వేటగాడిలా తుపాకి ఎంచిందని చెప్పుకుని మురిసిపోయేవాడు. ఎలాగైనా పోటీలోపు ఎదిగిపోవాలని పొద్దున్నే ఇనుప కమ్మీకి వేలాడాను, ముక్కు మూసుకుని పాలు తాగాను, తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు గీసుకుని ఏడ్చాను. గీత కదిలితేగా! ప్రతి శనివారం తుపాకి ఎత్తితే ట్రిగ్గరుకు వేలి గోరు తప్ప తగిలేది కాదు.

పోటీ రోజున తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. నేను తుపాకి ఎత్తాను. ఆయన చూపు నా మోచేతి దగ్గర ఆగింది. గుళ్ళన్నీ ఎటో పోయాయి, జట్టులో నా పేరు రాలేదు. బయటికి వచ్చి తలవంచుకుని నిలబడ్డాను.

“నాన్న మాట విన్నావ్‌లే. మంచిదే” అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ తరవాత మూడేళ్ళు బతికాడు, ఒక్కనాడూ వేట ఊసెత్తలేదు. ఇప్పుడు ఆ క్లబ్బు లేదు, ఆ రబ్బరు తోటలో ఇళ్ళు లేచాయట. ఒక్క కథ చెప్పు తాతయ్యా అని నేను అడిగి ఉంటే చెప్పేవాడే. సిగ్గుతో అడగలేదు. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా అడగలేదు.